పర్మిట్ రూమ్ తెరిచారు, గ్లాసు సంగతేంటి? (పల్లె మాట - 14)



ఈ వారం కౌలు కార్డుల మీద రెండో భాగం రాస్తానని చెప్పాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నా. మధ్యలో పర్మిట్ రూముల గోల వచ్చి పడింది. మా కాలేజీ పిల్లలు కూడా రెండు జట్లయి వాట్సాప్‌లో కొట్టుకుంటున్నారు. ఆ కొట్లాటంతా చదివాను. అడగాల్సిన ప్రశ్న ఒకటి ఎవరూ అడగలేదు.

సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 2019 అక్టోబరు 1న అప్పటి ప్రభుత్వం మద్యం దుకాణాలను తన చేతిలోకి తీసుకుంది. వాటి పక్కన నిలబడి తాగే పర్మిట్ రూములను మూసేసింది. 2024 అక్టోబరులో కొత్త ప్రభుత్వం దుకాణాలను తిరిగి ప్రైవేటుకు ఇచ్చింది. 3,396 షాపులకు లాటరీ. దరఖాస్తుకు రెండు లక్షలు, షాపు వచ్చినా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. దాదాపు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. అంటే ఒక్క సీసా మూత తీయకముందే ఖజానాకు సుమారు 1,800 కోట్లు. ఇక 2025 ఆగస్టులో ఆ షాపుల పక్కన పర్మిట్ రూములకు మళ్లీ అనుమతి ఇచ్చారు. దానికి వేరే ఫీజు.

ఇప్పుడు టీవీల్లో రెండే గొంతులు వినపడుతున్నాయి. ఒక గొంతు: జనం రోడ్ల పక్కన, పొలం గట్ల మీద, బడి అరుగుల మీద తాగి సీసాలు పగలగొడుతున్నారు, ఒక గది ఇస్తే పద్ధతిగా తాగి పోతారు. రెండో గొంతు: పేదల కొంపలు కూలుతున్నాయి, గదులు కాదు కదా షాపులే ఉండకూడదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు గానీ, ఇద్దరి మనసులో ఉన్న తాగుబోతు ఒక్కడే. వాడు లుంగీ కట్టుకుని ఉంటాడు. సాయంత్రం మిరప చేలో నుంచి వస్తాడు. వాడిది పల్లె. 'పేదవాడు' అన్నది మర్యాద కోసం వాడే మాట. గుంటూరులో ఏసీ బారులో, ఊరి బయట మామిడి తోటలో, నియోజకవర్గం గెస్ట్ హౌస్‌లో తాగేవాళ్ల గురించి చర్చ ఎప్పుడైనా విన్నారా? వాళ్లది అలవాటు. మనది సామాజిక సమస్య!

సరే, పేపర్ల వాళ్లు ఇంకోటి రాస్తున్నారు: 'స్థానికుల అభ్యంతరం', 'స్థానికుల డిమాండ్'. ఎవరండీ ఈ స్థానికులు? గుంటూరు, పల్నాడు, ప్రకాశంలో మీకు తెలిసిన ఏ మండల కేంద్రానికైనా వెళ్లండి. వైన్ షాపు ఎక్కడుందో చూడండి. ఊరి మధ్యలో రామాలయం పక్కన ఉండదు. ఊరు అయిపోయి పల్లె మొదలయ్యే మలుపులో ఉంటుంది. కూలి ఆటోలు ఆగే చోట ఉంటుంది. గుడికీ బడికీ ఆసుపత్రికీ ఇంత దూరం ఉండాలని నిబంధన ఉంది. మంచిదే. ఆ దూరం కొలిచేవాళ్ల కంటికి మా పల్లెలో రేకుల షెడ్డులో నడిచే ప్రార్థన మందిరం మందిరంలా ఆనుతుందా? మా పిల్లలు కూర్చునే అంగన్‌వాడీ బడిలా కనపడుతుందా? ఊరివాళ్లు అభ్యంతరం చెబితే షాపు జరుగుతుంది. జరిగి జరిగి మన దగ్గరికి వస్తుంది. అప్పుడు అభ్యంతరం చెప్పే స్థానికులు ఎవరూ మిగలరు, ఎందుకంటే అక్కడ ఉన్నది మనం.

మన వైపు భాషలో ఒక విచిత్రం ఉంది. బయటి జిల్లా నుంచి వచ్చిన కొత్త లెక్చరర్‌కు ఇది అర్థం కావడానికి ఏడాది పట్టింది. పత్తి, మిరప పండే చోట 'మందు కొట్టి వచ్చాను' అంటే రెండు అర్థాలు. పొద్దున అంటే పురుగుమందు. రాత్రి అంటే బ్రాందీ. రెండూ ఒకే మనిషి చేసే పనులు. పొద్దున్నే వీపుకి ట్యాంకు తగిలించుకుని, మూతికి తువ్వాలు కట్టుకుని, చేలో గాలికి ఎదురు నడుస్తూ మందు కొట్టేది మాల, మాదిగ, ఎరుకల, యానాది కూలీలే. సాయంత్రానికి తల తిరుగుతుంది, తిండి సహించదు, ఒళ్లంతా మంట. అప్పుడు ఆ రెండో మందు. చాలా చోట్ల కూలి బేరంలోనే అది కలిసి ఉంటుంది: ఇంత డబ్బు, పైన ఒక క్వార్టర్. ఆ క్వార్టర్ రైతు ఇచ్చే బహుమానం కాదు, కూలిలో కోసిన ముక్క. మిరపకాయలు కోసే ఆడమనిషికి ఆ క్వార్టర్ డబ్బు కూడా ఉండదు, ఆమె కూలి మొదటినుంచీ తక్కువే. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసి ఇదే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చచ్చిపోయినప్పుడు దేశమంతా చూసింది. ఆ మందు కొట్టీ కొట్టీ ఊపిరితిత్తులు పాడైన కూలీల లెక్క ఎవరి దగ్గరా లేదు. వాళ్ల చావు సర్టిఫికెట్ ఊరి నోట్లో ఒక్క మాటలో ఉంటుంది: 'తాగి పోయాడు'.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. గ్లాసు.

మన తాతలు తాగింది కల్లు. తాగిన చోటు కల్లుపాక. కల్లుపాక మీద మన సాహిత్యంలో బోలెడంత నీతి ఉంది, కొంత హాస్యం ఉంది. అక్కడ ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరికి దేంట్లో పోశారు అన్నది వెతకాలంటే భూతద్దం కావాలి. పల్లె ముసలివాళ్లను అడిగితే నిమిషంలో చెబుతారు. ఊరివాళ్లకు ముంతలు. మనకు తాటాకు దొన్నె, పైనుంచి ధారగా పోస్తారు. తాగాక దొన్నె పారేయాలి. మన నోరు తగిలిన వస్తువు ఇంకొకరి చేతికి వెళ్లకూడదు, అంతే సూత్రం. తర్వాత సారా వచ్చింది. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరా దింపింది. ప్యాకెట్ కూడా చింపి తాగి పారేసేదే. మరోవైపు కాఫీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి, మనకు విడిగా చూరులో గుచ్చిన గ్లాసు, తాగి మనమే కడిగి మళ్లీ గుచ్చాలి. జస్టిస్ పున్నయ్య కమిషన్ ఈ రాష్ట్రంలో ఊరూరా తిరిగి రాసుకున్న వాటిలో ఇదీ ఉంది. అది కొత్త శతాబ్దం మొదట్లో మాట, పాత పురాణం కాదు.

మరి ఆ రెండు గ్లాసులు ఎటు పోయాయి? 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్‌లో హోటళ్లలో పాత్రలు వాడుకునే హక్కు గురించి స్పష్టంగా ఉంది. ఆ సెక్షన్ కింద మన మండలాల్లో ఎంతమంది హోటల్ యజమానులు జైలుకెళ్లారో మీకు తెలిస్తే కామెంట్‌లో రాయండి, నేనూ నేర్చుకుంటా. రెండు గ్లాసుల్ని తీసేసింది చట్టం కాదు మిత్రులారా, ప్లాస్టిక్. డిస్పోజబుల్ గ్లాసు వచ్చింది, ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఎవరు తాగినా పారేయడమే. మాదిగవాడి నోరు తగిలిన గ్లాసులో తను తాగాల్సిన ప్రమాదం కమ్మాయనకు, రెడ్డిగారికి తప్పిపోయింది. కేసు పెట్టడానికి మనకు రెండో గ్లాసూ కనపడదు. తాటాకు దొన్నెను అందరికీ ఇచ్చేశారు, దాన్ని సమానత్వం అని మనం చప్పట్లు కొట్టాం. మా కాలేజీలో ఒక పిల్లవాడు 'ఇప్పుడు అంతా ఒకటే గ్లాసులో తాగుతున్నారు కదా సార్, కులం ఎక్కడుంది' అన్నాడు. ఒకటే రకం గ్లాసులో తాగుతున్నారు నాయనా, ఒకటే గ్లాసులో కాదు. రెండింటికీ మధ్య ఉన్న దూరం ఊరికీ పల్లెకూ మధ్య ఉన్నంత.

పర్మిట్ రూము ఈ సంగతి బయటపడే చోటు. ఎందుకంటే అది మన ఊళ్లల్లో అన్ని కులాల మగవాళ్లూ ఒకే పైకప్పు కింద నిలబడే అరుదైన గది. గుళ్లో అది లేదు. చర్చిలో లేదు, చర్చి మనదే. పంచాయతీ ఆఫీసులో మన సర్పంచి ఉన్నా కుర్చీ ఎవరిదో మీకు తెలుసు. బ్యాంకులో, రైతు సేవా కేంద్రంలో పాస్‌బుక్ ఉన్నవాడే ముందు. తాగే గదిలో మాత్రం తొంభై తొమ్మిది రూపాయల క్వార్టర్ కొన్నవాడెవడైనా లోపలికి రావాలి. అందుకే అక్కడ గోడవారన ఎవరు, ఫ్యాను కింద ఎవరు, బల్ల ఎవరికి, నేల ఎవరికి అన్నది చూడాలి. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల గురించి ఊరికే రాయలేదు. అలాంటి ఉమ్మడి చోట్లలోనే మన రక్తం పారింది. 1985 జూలైలో కారంచేడు మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో వేసిన కథ సినిమా హాల్లో మొదలైంది, చదువుకున్న పల్లె కుర్రాడి కాలు ముందు సీటులో అగ్రకుల కుర్రాడికి తగిలిందని. చెరువు, సినిమా హాలు. ఒకే నీళ్లు, ఒకే వరస. ఇప్పుడు మద్యం మత్తులో ఉన్న మనుషులను ఒక గదిలో పెట్టి తలుపు వేస్తున్నారు. శాంతిభద్రతల గురించి లైసెన్స్ కాగితాల్లో ఉంటుంది, కులం గురించి ఒక్క ముక్క ఉండదు.

మరి మూసేస్తే పోలా అంటారు కొందరు. మూస్తే ఏమవుతుందో మన ప్రకాశం జిల్లా కురిచేడు చూసింది. 2020 మే నెలలో ప్రభుత్వం మద్యం ధరలను రెండు దఫాల్లో 75 శాతం పెంచింది. పేదవాడు తాగడం మానేయాలనే పెంచామని చెప్పింది. జూలై ఆఖరున కరోనా కేసులని కురిచేడులో షాపులు మూశారు. చేతులు కడుక్కునే శానిటైజర్ కొనుక్కుని నీళ్లలో కలుపుకుని తాగి రెండు మూడు రోజుల్లో పదిమందికి పైగా చచ్చిపోయారు. బిచ్చమెత్తుకునేవాళ్లు, రోజు కష్టం మీద బతికేవాళ్లు. ఆ వారం పేపర్లు తిరగేయండి, 'మత్తుకు బానిసలు' అన్న మాట ఎన్నిసార్లు ఉందో. వ్యసనం జబ్బు, జబ్బుకు వైద్యం ఉండాలి, షాపు మూసేరోజు ఆసుపత్రి తలుపు తెరిచి ఉండాలి అన్న మాట ఎన్నిసార్లు ఉందో కూడా లెక్కపెట్టండి. ధర పెంచిన చేతికీ, షాపు మూసిన చేతికీ రక్తం అంటలేదు. ఇక 2025 అక్టోబరులో ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ దొరికింది. ప్రభుత్వం మారింది, గొంతులో పోసుకునేవాడు మారలేదు.

అంబేడ్కర్ పేరు చెప్పి మనవాళ్లే కొందరు నిషేధం కోరుతున్నారు కాబట్టి ఆ సంగతి కూడా చూద్దాం. బాబాసాహెబ్ మద్యనిషేధాన్ని ప్రభుత్వ విధానంగా ఒప్పుకోలేదు. 1951లో షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళికలోనే నిషేధం ఎత్తేయాలని ఉంది, ఆ ఆదాయం చదువుకూ ఆరోగ్యానికీ కావాలన్నది ఆయన లెక్క. అదే మనిషి 1956 అక్టోబరులో నాగపూర్‌లో లక్షలమందితో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగను అన్నది ఒకటి. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. పోలీసు లాఠీ పట్టుకుని పల్లెలోకి వచ్చి మాన్పించడం వేరు. పల్లె తన నోటితో తను చెప్పుకోవడం వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మీదికి వెళ్లినప్పుడు వాళ్లకు ఏ జీవో లేదు. రాత్రి బడిలో చదువుకున్న పాఠం ఉంది, చేతిలో చీపురు ఉంది. సారా వేలాలు ఆగిపోయాయి, 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997కి ఖజానా ఖాళీ అన్నారు, ఎత్తేశారు. ఆడవాళ్లు తెచ్చినదాన్ని ఎత్తేసేటప్పుడు ఆడవాళ్లను ఒక్కమాట అడిగారా?

ఇక్కడ ఒక పక్కదారి. 1921లో గాంధీగారి పిలుపు మీద ఈ గుంటూరు జిల్లాలో కల్లు దుకాణాల ముందు పికెటింగులు జరిగాయి. ఆ త్యాగాల మీద మా శాఖలో పుస్తకాలకు పుస్తకాలు ఉన్నాయి. పికెటింగ్ చేసి ఇంటికొచ్చిన ఆ పెద్దమనిషి తన పాలేరుకు ఆ సాయంత్రం మంచినీళ్లు చెంబుతో ఇచ్చాడా, దోసిట్లో ఎత్తి పోశాడా అన్నది, ఉన్నవ లక్ష్మీనారాయణ లాంటి ఒకరిద్దరిని పక్కన పెడితే, ఎవరూ పట్టించుకోలేదు. పీహెచ్‌డీకి అంశం వెతుక్కుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని తీసుకోవచ్చు. గైడ్ ఒప్పుకుంటే.

వాటాల సంగతి రెండు ముక్కల్లో తేలుస్తా. మన రాష్ట్రంలో షాపుల్లో పది శాతం గీత కులాలకు ఇచ్చారు, తాడిచెట్టును నమ్ముకున్నవాళ్ల బతుకు సీసా మింగేసింది కాబట్టి అది న్యాయమే. తెలంగాణలో 2021 నుంచి ఎస్సీలకు కూడా పది శాతం ఉంది. ఇక్కడ మనకూ కావాలని మన నాయకులు కొందరు అంటున్నారు. ఇస్తే తీసుకోండి, నేనేం అడ్డు రాను. ఒక్క లెక్క చెప్తా. దరఖాస్తు రుసుము రెండు లక్షలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300. ఏడాదికి వంద రోజుల పని పూర్తిగా దొరికినా, ఆ దరఖాస్తు ఫారం ఖరీదు ఆరున్నర ఏళ్లకు పైగా కూలి. ఆ డబ్బు ఎవరు పెడతారో, లైసెన్సు మీద ఎవరి పేరుంటుందో, గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చుంటారో ఈపాటికి మీరే ఊహించేసి ఉంటారు.

మరి పల్లెకు ఏం కావాలి? కొన్ని నెలలుగా పల్లెల్లో అడుగుతూనే ఉన్నా. ఏకాభిప్రాయం ఉందని అబద్ధం చెప్పను. ఆడవాళ్లలోనే రెండు మాటలున్నాయి. కొందరికి ఆ గది అసలు వద్దు. ఇంకొందరు, ముఖ్యంగా సాగర్ కాలవ పక్క పల్లెల వాళ్లు, గట్టు మీద తాగి కాలవలో పడేకంటే దీపం వెలుగులో నలుగురి మధ్య తాగడం నయం అంటున్నారు. అలా కాలవలో మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ప్రతి పల్లెలోనూ ఒకటి ఉంది, ఆ మాటను తేలిగ్గా తీసేయలేను. రెండు రకాలవాళ్లూ కలిసే చోట్లు మాత్రం ఉన్నాయి. షాపులో అప్పు ఖాతా ఉండకూడదు. మిరపకోత సీజన్లో మేస్త్రి షాపు ముందు నిలబడి కూలి పంచకూడదు, కూలి డబ్బు పొలంలోనే ఎవరిది వాళ్ల చేతిలో పడాలి, క్వార్టర్ కలిపి బేరం మానాలి. చీకటితో బయల్దేరి చీకటితో వచ్చే ఆడవాళ్ల ఆటోలు ఆగే చోట ఆ గది ఉండకూడదు. గది వచ్చింది కాబట్టి పల్లెలో బెల్టు షాపు పోవాలి. ఇది చెప్పేటప్పుడు అందరూ గొంతు తగ్గించారు, ఎందుకంటే బెల్టు షాపు నడిపేది చాలాసార్లు మనవాడే, ఎమ్మార్పీ మీద పదో ఇరవయ్యో వేసుకుని బతుకుతున్న మన బాబాయే. ఆ ఇంటికి వేరే దారి చూపించకుండా ఊరికే తిడితే కుదరదు.

తాగే మగవాళ్లు అడిగింది నన్ను ఆశ్చర్యపరిచింది. ఎక్కువమంది అడిగింది కూర్చోడానికి బల్ల. రోజంతా వంగి పనిచేసినవాడు సాయంత్రం కూడా నిలబడే తాగాలా అని. తర్వాత తాగే నీళ్లు, మూత్రానికి చోటు, సీసా మీద రాసిన ధర. ఒక పెద్దాయన మాత్రం కడిగిన గాజు గ్లాసు కావాలన్నాడు. చిన్నప్పుడు దొన్నెలో తాగాడట, తర్వాత ప్యాకెట్, తర్వాత ప్లాస్టిక్. మా కాలేజీ పిల్లలు నెల రోజులు తిట్టుకున్నా చేరలేని చోటికి ఆయన ఒక్క కోరికతో చేరాడు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసుల మీద 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. అంటే చట్టం కూడా ఆయన వైపే ఉంది. ప్రతి పర్మిట్ రూములో గాజు గ్లాసులు పెట్టి, కడిగి, ఎవరు ముందొస్తే వాళ్లకు ఇమ్మని అడుగుదాం. అప్పుడు గదిలో ఎవరు మిగులుతారో, ఎవరు సీసా చంకలో పెట్టుకుని కారులోకి వెళ్లిపోతారో చూద్దాం. కులం పోయిందన్నవాళ్లు ఆ రోజు నా పక్కన నిలబడాలి.

ఇవన్నీ ఎవరు తేల్చాలి? లాటరీ తీసిన కలెక్టరేట్ కాదు. పల్లె ఆడవాళ్లు కూర్చున్న గ్రామసభ. గది ఉండాలా వద్దా, ఉంటే ఎక్కడ, ఎన్ని గంటలకు మూయాలి అన్నది వాళ్లు చెప్పాక లైసెన్సు. ముందు లైసెన్సిచ్చి తర్వాత అభిప్రాయం అడగడం పెళ్లయ్యాక పిల్లను చూపించడం లాంటిది.

నెలాఖరున 30న పౌరహక్కుల దినం జరపాలని నియమం ఉంది. చాలా మండలాల్లో అది రిజిస్టర్‌లో సంతకాల వరకే. ఈ నెల మీ మండలంలో ఎక్కడ పెడుతున్నారో తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోండి. పల్లె నుంచి కనీసం పదిమంది ఆడవాళ్లతో వెళ్లండి. ఆటో స్టాండు, అప్పు ఖాతా, బెల్టు షాపు, గాజు గ్లాసు, ఈ నాలుగూ అర్జీలో రాసి రశీదు తీసుకోండి. అంతకుముందే మీ దగ్గరి పర్మిట్ రూములోకి ఒకసారి వెళ్లి ఎవరు ఎక్కడ నిలబడుతున్నారో చూసి నాకు రాయండి. తాగక్కర్లేదు. ఫొటోల్లో మనుషుల మొహాలు పడకుండా చూసుకోండి. ఒంగోలు, చీరాల, వినుకొండ వైపు మిత్రులు ముందుగా రాస్తే వచ్చే భాగంలో కౌలు కార్డులతో పాటు వాటినీ కలుపుతా.